తెలుగు మెనూతో పెళ్లి డీవీడీ చేసుకోవడానికి తేలికైన సాఫ్ట్‌వేర్ ఏది?

మా చెల్లి పెళ్లి వీడియోలు డీవీడీలో వేయాలి. అమ్మమ్మ వాళ్లింట్లో పాత డీవీడీ ప్లేయరే ఉంది, దానికి యూఎస్‌బీ పోర్టు లేదు. కాబట్టి పెన్‌డ్రైవ్ సలహా వద్దండీ.

నాది విండోస్ 10, 8 జీబీ ర్యామ్, బయట తగిలించే డీవీడీ రైటర్. వీడియోలు ఎంపీ4, 1920×1080, మొత్తం గంటా నలభై నిమిషాలు. డిస్కు 4.7 జీబీది.

విండోస్ 7లో వచ్చిన డీవీడీ మేకర్ 10లో లేదు. అందుకని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాల్ (PAL, మన దగ్గరి టీవీ పద్ధతి), 720×576, సెకనుకు 25 ఫ్రేములు పెట్టి రాశాను. ప్లేయర్‌లో ఆడింది. కానీ ఫోన్‌తో తీసిన క్లిప్పుల్లో జీలకర్ర బెల్లం దాకా బాగానే ఉండి, తలంబ్రాలకొచ్చేసరికి పెదాలు ముందు, మాట వెనక. ఫ్రేమ్ రేటు ముందుగానే స్థిరంగా 25కి మార్చాక అది సర్దుకుంది.

తేలనిది మెనూ. బటన్ మీద ‘తలంబ్రాలు’ అని టైప్ చేస్తే ‘బ్రా’ కలిసి రావడం లేదు, ‘బ్’, ‘రా’ విడివిడిగా పడుతున్నాయి. గౌతమి, నిర్మలా రెండు ఫాంట్లతోనూ అంతే. అక్షరాలను బొమ్మగా చేసి వెనక పెడితే, రిమోట్ నొక్కినప్పుడు వెలిగే గడి పేరు మీద కాకుండా పక్కన వెలుగుతోంది. డబ్బు కట్టాల్సిన ఇంకో సాఫ్ట్‌వేర్‌ ట్రయల్ అయితే పెళ్లికూతురి మొహం మీదే తన పేరు వేసేసింది!

ఉచితంగా గానీ, ఒక్కసారి రెండు వేల లోపు కడితే గానీ దొరికేది, మెనూలో తెలుగు ఒత్తులు సరిగ్గా చూపించేది, మీరు స్వయంగా వాడిన సాఫ్ట్‌వేర్ ఏది?