ముత్తాత గారి మెడల్ ఏంటో చెప్తారా?

మారతహళ్ళి_అబ్బాయి: అమ్మమ్మ ట్రంకు పెట్టెలో నల్లగా మారిన వెండి మెడల్ ఒకటి దొరికింది, ఒకవైపు రాజు తల, ఇంకోవైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 అని ఉంది, రిబ్బన్ లేదు. చింతపండుతో తోమమంటోంది అమ్మ, తోమొచ్చా?

పాతనాణేలు: వద్దండీ, దయచేసి తోమకండి! అది బ్రిటిష్ వార్ మెడల్, రాజు ఐదో జార్జ్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చారు, లేబర్ కోర్ (సైన్యం కోసం కూలి పనులు చేసిన దళం) వాళ్ళకి కంచువి కూడా ఇచ్చారు. లక్షల్లో ఇచ్చారు కాబట్టి మెడల్ అరుదేం కాదు, అసలు విలువంతా అంచు మీద పంచ్ చేసిన నంబరు, పేరు, రెజిమెంట్‌లోనే ఉంటుంది, తోమితే ముందు అరిగేది అవే. లెన్స్ పెట్టి చూసి రాయండి.

మారతహళ్ళి_అబ్బాయి: చూశానండీ, నంబరు, ముత్తాత పేరు, చివర్లో క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం. అని ఉంది

హలసూరు_వాసి: అబ్బ, క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్! అంటే మద్రాస్ సాపర్స్, సైన్యంలో ఇంజినీరింగ్ పనులు చేసే దళం, ఇప్పటి మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, మన బెంగళూరులోనే హలసూరు చెరువు పక్కన. వాళ్ళకి సొంత మ్యూజియం ఉంది, మిలిటరీ ఏరియా కాబట్టి ముందే పర్మిషన్ అడిగి, అంచు ఫోటోలు తీసుకెళ్ళండి తమ్ముడూ. ఎవరైనా కొంటామన్నా అమ్మొద్దు.