మరో వేవ్ వస్తే ఇంటికి ముందు కావాల్సింది: ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరా, గాలి శుభ్రతా?

కిటికీపక్క (చర్చ మొదలు)

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితిని 2020 జనవరి 30న ప్రకటించింది, 2023 మే 5న ఎత్తేసింది. వైరస్ మాత్రం ఎటూ పోలేదు. రేపు వచ్చేది కొత్త రకం ఫ్లూ అయినా ఇంటి మీద పడే భారం ఇంచుమించు ఇదే. సన్నద్ధత గురించి మాట వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. ముందు కాన్సన్‌ట్రేటర్ కొనాలని ఒకరంటే, అది దండగ, ఆ డబ్బు మంచి మాస్కులకూ గాలి శుద్ధికీ పెట్టాలని ఇంకొకరంటారు. నలుగురున్న ఇల్లు, అందులో ఒకరికి 65 దాటాయి అనుకుందాం. రెండూ ఒకేసారి కొనే స్తోమత లేదు. ఏది ముందు? కొలతలతో, కారణాలతో చెప్పండి.

ప్రాణవాయువు

నా ఓటు కాన్సన్‌ట్రేటర్‌కే. కేసులు పెరిగినప్పుడు అన్నిటికంటే ముందు కరువయ్యేది ఆక్సిజనే. మాస్కు రేపైనా దొరుకుతుంది, ఊపిరి రేపటిదాకా ఆగదు.

సిలిండర్ చాలదా అంటారేమో. లెక్క చూడండి. 10 లీటర్ల నీరు పట్టే సిలిండర్‌లో 150 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 1500 లీటర్ల గ్యాస్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే పన్నెండున్నర గంటలు, 5 లీటర్లయితే 5 గంటలే. ఆపైన నింపించుకోవాలి. అందరూ నింపించుకునే రోజు అదే. కాన్సన్‌ట్రేటర్ గది గాలినే పీల్చి, జియోలైట్ గుళికల మధ్య నైట్రోజన్‌ను ఆపేసి, ఆక్సిజన్‌ను వదులుతుంది. నింపే పని లేదు.

బయోమెడ్_టెక్

ప్రాణవాయువు గారు చెప్పిన సిలిండర్ లెక్క సరైనదే. కాన్సన్‌ట్రేటర్ గురించి చెప్పింది మాత్రం సగమే.

5 లీటర్ల యంత్రం ఇచ్చేది నిమిషానికి 5 లీటర్లు, స్వచ్ఛత 90–96 శాతం. ముక్కు గొట్టం (నాజల్ క్యాన్యులా) పెడితే లీటరుకు సుమారు 4 శాతం పెరుగుతుందని మోటు లెక్క. అంటే 2 లీటర్ల దగ్గర పీల్చే గాలిలో ఆక్సిజన్ 28–29 శాతం, 5 దగ్గర 40. సంచి ఉన్న నాన్ రీబ్రీదర్ మాస్కుకు 10–15 లీటర్లు కావాలి. దాన్ని 5 లీటర్ల యంత్రానికి తగిలిస్తే సంచి నిండదు, రోగికి ఊపిరాడదు. మామూలు మాస్కుకు కూడా 5 లీటర్ల కంటే తక్కువ పెట్టకూడదు, వదిలిన కార్బన్ డయాక్సైడ్ మాస్కులోనే నిలిచిపోతుంది. కొందరు రెండు యంత్రాలను వై గొట్టంతో కలుపుతారు. ఇల్లు ఆ స్థితికి వచ్చిందంటే ఆ మనిషి ఆసుపత్రిలో ఉండాల్సిన సమయం దాటిపోతోందని అర్థం.

ఇక కరెంటు. 5 లీటర్ల యంత్రం సుమారు 350 వాట్లు తింటుంది. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. 80 శాతం వాడుకుని, ఇన్వర్టర్ నష్టం 15 శాతం తీసేస్తే మిగిలేది 1220 చిల్లర. మూడున్నర గంటలు. బ్యాటరీ పాతదైతే అదీ రాదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కంప్రెసర్ వేడెక్కుతుంది, ప్యూర్ సైన్ వేవ్ ఉండాలి. రాత్రంతా కరెంటు పోయే చోట ఈ యంత్రం పక్కన నిండు సిలిండర్, సరిపడే రెగ్యులేటర్, దాన్ని తిప్పే స్పానర్ లేకపోతే సన్నద్ధత లేనట్టే.

ఇంట్లో ఎక్కువగా జరిగే పొరపాటు చెబుతాను. హ్యుమిడిఫయర్ (ఆక్సిజన్‌కు తేమ చేర్చే) సీసా మూత మర వంకరగా పడుతుంది, ఆక్సిజనంతా అక్కడే పక్కకు పోతుంది. ఫ్లో మీటర్‌లో బంతి మాత్రం 3 దగ్గరే నిలబడి ఉంటుంది. అందుకే పెట్టేముందు క్యాన్యులా కొసలను గ్లాసు నీళ్లలో ముంచి చూడాలి. బుడగలు రావాలి. సీసాలో డిస్టిల్డ్ నీళ్లు గానీ, కాచి చల్లార్చినవి గానీ రెండు గీతల మధ్య ఉండేలా పోసి, రోజూ మార్చాలి. వెనక స్పాంజి ఫిల్టర్ వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. యంత్రానికీ గోడకూ మధ్య కనీసం ఒక అడుగు ఖాళీ కావాలి. మంట, పొగతాగడం 3 మీటర్ల లోపల వద్దు. ముక్కు పొడిబారిందని పెట్రోలియం జెల్లీ రాయొద్దు, నీటి ఆధారంగా చేసినదే రాయాలి.

వార్డుసిస్టర్

యంత్రం పని చేయకపోవడం కంటే, బాగా పని చేయడం వల్ల వచ్చే ప్రమాదం గురించి చెప్పాలి. గొట్టం పెట్టగానే 90 ఉన్న శాచురేషన్ (ఆక్సిమీటర్ చూపే రక్తంలోని ఆక్సిజన్ శాతం) 95కు ఎక్కుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఊపిరితిత్తుల్లో వాపు మాత్రం తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. నిన్న 1 లీటరుతో 95, ఇవాళ 4 లీటర్లతో 95 ఉంటే అది నిలకడ కాదు, దిగజారడం. అంకెతో పాటు ఎన్ని లీటర్ల మీద ఆ అంకె వచ్చిందో కూడా రాసుకోని ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ ఉండకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఆక్సిమీటర్ చూసే పద్ధతి: ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. చేయి వెచ్చగా, గుండె ఎత్తులో ఉండాలి. గోళ్ల రంగు తీసేయాలి. క్లిప్ పెట్టాక అంకె నిలకడగా ఉండేదాకా నిమిషం చూడాలి. మొదట కనిపించిన అంకె రాయకూడదు. పరికరం రెండు మూడు అంకెలు అటూ ఇటూ చూపుతుంది. ముదురు రంగు చర్మం మీద అసలు కన్నా ఎక్కువ చూపే అవకాశం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2021 ఫిబ్రవరిలో హెచ్చరించింది. కాబట్టి ఒక్క అంకెను కాదు, రోజుకు మూడు నాలుగు సార్లు చూసి వరస ఎటు పోతోందో గమనించాలి. ఆరు నిమిషాల నడక తర్వాత 93 కంటే పడినా, 3 అంకెలకు మించి తగ్గినా డాక్టరుతో మాట్లాడాలి. 90 కంటే తక్కువంటే తీవ్ర వ్యాధి కిందే లెక్క.

ఊపిరి లెక్క ఇంకా ముఖ్యం, దానికి పరికరం అక్కర్లేదు. రోగికి చెప్పకుండా, ఛాతీ లేచి దిగడం నిండు నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పుడు 12–20 మామూలు. 24 దాటితే ఆందోళన, 30 దాటితే ఆక్సిజన్ అంకె ఎంతున్నా బయల్దేరాల్సిందే. పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం, లేపినా లేవకపోవడం కూడా అంతే.

మరొకటి. ఆక్సిజన్ అవసరం లేని దశలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మింగడం. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ అనే మందుల పరీక్ష (ట్రయల్) చూపిన మేలు (రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు) ఆక్సిజన్ అవసరమైన వాళ్లకే. అవసరం లేనివాళ్లలో మేలు కనబడలేదు, కీడు జరిగే అవకాశం కనిపించింది. షుగర్ ఉన్నవాళ్లలో స్టెరాయిడ్ షుగర్‌ను అమాంతం లేపుతుంది, ఫంగస్‌కు దారి తీస్తుంది. దీన్ని మందుల పెట్టెలో దాచుకోవద్దు.

గాలిలెక్కలు

కాన్సన్‌ట్రేటర్ ఎంత గొప్పదైనా ఒక్క మనిషికే. నలుగురిలో ముగ్గురికి అంటకుండా ఆపగలిగేది గాలి. నేను ముందు అక్కడే ఖర్చు పెట్టమంటాను.

4 × 3.5 × 3 మీటర్ల గది అంటే 42 ఘనపు మీటర్లు. గంటకు 5 సార్లు గాలి శుభ్రపడాలంటే గంటకు 210 ఘనపు మీటర్ల శుద్ధగాలి కావాలి. ప్యూరిఫయర్ పెట్టె మీద రాసే సీఏడీఆర్ అదే. అక్కడే మోసపోతాం, ఎందుకంటే ఆ అంకె ఫుల్ స్పీడులో వచ్చేది. ఆ హోరులో ఎవరూ నిద్రపోలేరు, తగ్గించేస్తారు, గాలి సగానికి పడుతుంది. మధ్య స్పీడులోనే 210 ఇచ్చేది ఎంచుకోండి. ఓజోన్ వదిలేవి వద్దే వద్దు. గదిలో ఏసీ ఉందిగా అనుకోకండి. మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, దాని జాలీ దుమ్మును ఆపుతుంది, అంతే.

గాలిలోని కణాల్లో 99 శాతం పోవడానికి గంటకు 2 మార్పులైతే 138 నిమిషాలు, 6 అయితే 46 నిమిషాలు పడుతుంది. రోగి వెళ్లాక ఆ గదిలో ఎంతసేపటికి అడుగుపెట్టొచ్చో ఈ లెక్కే చెబుతుంది.

ప్యూరిఫయర్ కొనలేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలా పని చేస్తుంది. రోగి గది కిటికీలో బయటికి ఊదేలా బిగించి, తలుపు మూసి, కింద సందు వదలాలి. సందు దగ్గర పల్చటి టిష్యూ ముక్క పట్టుకోండి. లోపలికి వంగితే గాలి సరైన దిశలో పోతున్నట్టు. నడవా వైపు వంగితే ఫ్యాన్ తిరగబడి బిగించారన్నమాట, లేదా బయటి గాలి ఎదురు కొడుతోంది. ఇంకో దారి కోర్సీ రోజెంతాల్ పెట్టె. నాలుగు మెర్వ్ 13 (సన్నటి కణాలను పట్టే స్థాయి) ఫిల్టర్లను నాలుగు గోడలుగా నిలబెట్టి, అడుగున అట్ట, పైన గాలిని పైకి ఊదే ఫ్యాన్ పెట్టి, సందులన్నీ టేపుతో మూయాలి. ఫిల్టర్ల మీద బాణం గుర్తు పెట్టె లోపలికి చూడాలి. ఫ్యాన్ రెక్కల చుట్టూ మూలల్ని అట్టతో మూయకపోతే గాలి అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది.

ప్రాణవాయువు

గాలిలెక్కలు గారూ, ఒక అభ్యంతరం. కోవిడ్ సోకినవాళ్లు లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటించగలరు. జ్వరం వచ్చాక గది వేరు చేసి ఫ్యాన్ పెట్టేసరికి మిగతా ముగ్గురికీ అందేది అందిపోయి ఉంటుంది. అప్పుడు ఆ ఫిల్టర్ ఎవర్ని కాపాడినట్టు?

గాలిలెక్కలు

జ్వరం వచ్చాక మొదలుపెడితే మీరన్నది నిజం. అందుకే బయట కేసులు పెరగడం మొదలైన రోజు నుంచే నలుగురూ కూర్చునే గదిలో నడపాలి. ఎంత సోకిందన్నది కూడా లెక్కే. ఒకే గాలిని పది గంటలు పీల్చడం వేరు, రెండు గంటలు పీల్చడం వేరు. ఇంట్లో ఒకరికి వచ్చినంత మాత్రాన అందరికీ వచ్చి తీరాలని లేదు.

బయటి నుంచి రాకుండా ఆపేది మాస్కు. మనిషి వారానికి 3 సార్లు బయటికెళ్తే 8 వారాల వేవ్‌కు 24 సార్లు. ఒక్క ఎన్95ను 5 సార్లకు మించి పెట్టుకోకూడదనుకుంటే మనిషికి 5 కావాలి, నలుగురికి 20. రోగిని చూసుకునే మనిషికి రోజుకొకటి చొప్పున మరో 10. ఉతకొద్దు, శానిటైజర్ చల్లొద్దు. దాని బలం పొరల్లోని స్థిర విద్యుత్తు, సబ్బుకూ ఆల్కహాల్‌కూ అది పోతుంది. కాగితం సంచిలో ఆరనివ్వాలి. గడ్డం ఉంటే అంచు అంటుకోదు. కవాటం ఉన్నది రోగికి పెట్టకూడదు, వదిలిన గాలి వడగట్టకుండానే బయటికొస్తుంది.

ఫార్మసిస్ట్

రెండు పక్షాలూ మర్చిపోయిన మందుల పెట్టె గురించి కొద్దిగా. రోజూ వాడే బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు ఒక నెలకు అదనంగా ఉంచి, ముందు కొన్నవి ముందు వాడండి. పారాసెటమాల్ 500 మాత్రలు జబ్బు పడ్డ పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 30 ఉంటే ఐదు రోజులకు సరిపోతాయి. అన్నిటిలోనూ కలిపి రోజుకు 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాలే ఉంటుంది, డోసు రెండింతలయ్యేది అక్కడే. పిల్లలకు మోతాదు బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు, డోసుల మధ్య ఆరు గంటలు. ఓఆర్ఎస్ లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కాదు. 24 గంటల్లో వాడాలి.

ఇంట్లోనే కోవిడ్ పరీక్ష చేసుకునే యాంటిజెన్ కిట్లు చాలావరకు 2–30 డిగ్రీల మధ్య ఉంచాల్సినవి. మొదటి రోజు నెగెటివ్ వస్తే 48 గంటల తర్వాత మళ్లీ చేయాలి. కోవిడ్ యాంటీవైరల్ మాత్రలు లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపే మొదలుపెట్టాలి. నిర్మాట్రెల్విర్ రిటోనావిర్ అయితే కొన్ని కొలెస్ట్రాల్ మందులతో, రక్తం పలచబరిచే మందులతో పొసగదు. అందుకే పెద్దవాళ్ల మందుల పేర్లు, మోతాదులు రాసిన కాగితం ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

నేల, పిడులు తుడవడానికి 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లు, నీళ్లు 980. ఏ రోజుది ఆ రోజే. బాత్రూమ్ యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

కిటికీపక్క

ఇంత విన్నాక నా ప్రశ్న కాస్త మారింది. 65 దాటిన ఆ మనిషికి ముందే సీఓపీడీ (గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంటే? ఇంటికొకటి కాకుండా నాలుగైదు ఇళ్లు కలిసి ఒక యంత్రం ఉంచుకుంటే?

వార్డుసిస్టర్

సీఓపీడీ ఉంటే లక్ష్యం 88–92, మామూలు వాళ్లకు 92–96. సీఓపీడీ ఊపిరితిత్తులకు ఆక్సిజన్ మరీ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు వస్తుంది. అది నిద్ర అనుకుని వదిలేస్తారు. ఆ మనిషికి ఎన్ని లీటర్లన్నది వాళ్ల డాక్టరుతో ముందే మాట్లాడి రాయించుకోండి, జబ్బు పడ్డ రాత్రి కాదు. అలాంటి వాళ్లున్న ఇంట్లో మాత్రం ప్రాణవాయువు గారి పక్షమే నాదీ.

ప్రాణవాయువు

మిగతా ఇళ్లకు ముందు మాస్కులు, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఆక్సిమీటర్ అంటే ఒప్పుకుంటాను. ఆసుపత్రి రెండు గంటల దూరంలో ఉన్న ఇంటికి ఒప్పుకోను. బండి వచ్చేదాకా 3 లీటర్లు ఇచ్చే యంత్రం అక్కడ ఉండి తీరాలి.

బయోమెడ్_టెక్

కలిసి కొనడం మంచి ఆలోచనే, నడిపే మనిషి ఒకరు ఖాయంగా ఉంటే. అటక మీద పెట్టి మర్చిపోతే జియోలైట్ తేమ పీల్చుకుని స్వచ్ఛత పడిపోతుంది. నెలకోసారి కొన్ని గంటలు నడపండి. ఏడాదికోసారి ఆక్సిజన్ అనలైజర్‌తో 5 లీటర్ల దగ్గర కొలిపించండి. స్వచ్ఛత అలారం చాలా యంత్రాల్లో 82–85 శాతం దగ్గరే మోగుతుంది, అంటే అది మోగేసరికే యంత్రం బాగా దిగజారి ఉంటుంది. ప్రతి రోగికీ కొత్త క్యాన్యులా, కొత్త సీసా. చేతిలో పట్టే బుల్లి యంత్రాలు కొనేముందు అవి నిరంతరం వదులుతాయా, ఊపిరి తీసినప్పుడే వదులుతాయా అడగండి. రెండో రకం మీద రాసిన 5 అనే అంకె సెట్టింగ్ మాత్రమే, 5 లీటర్లు కాదు.

వార్డుసిస్టర్

ఆ యంత్రం మీదే ఒక కాగితం అతికించండి. తేదీ, గంట, లీటర్లు, శాచురేషన్, ఊపిరి లెక్క, రాసినవాళ్ల పేరు. కింద ఎర్ర సిరాతో: 3 లీటర్ల మీద 92 నిలవకపోతే ఫోన్ చేసి బయల్దేరాలి. సీఓపీడీ ఉన్నవాళ్లకు ఆ వరస కొట్టేసి, వాళ్ల డాక్టరు చెప్పిన అంకెలు రాయండి.