ఈ వారం సమస్య: చచ్చినట్టి వాఁడు జాబు వ్రాసె

నిర్వాహకుడు: సమస్య ఆటవెలది నాలుగో పాదం. దయ్యాలు, కలలు, పునర్జన్మలు వద్దు, మనవాళ్ళు సులువుగా అటే జారిపోతారని ముందే చెబుతున్నా. సందర్భం 1861–65 అమెరికా అంతర్యుద్ధం, సిపాయిల శిబిరం, ఇల్లు. ఎందుకంటే వర్జీనియాలో మా అమ్మాయి ఇంటికి వచ్చి ఉన్నాను, మొన్న ఆదివారం ఫ్రెడరిక్స్‌బర్గ్ తీసుకెళ్ళారు. రాపహానక్ అని ఒక నది, పెద్ద వెడల్పేం కాదు, ఈ గట్టున ఉత్తరాది సైన్యం, ఆ గట్టున దక్షిణాది సైన్యం, 1862–63 చలికాలమంతా అలా ఎదురెదురుగా కూర్చున్నారట. కాపలా వాళ్ళు చెక్కముక్కలతో బొమ్మ పడవలు చేసి, ఇటునుంచి కాఫీ, అటునుంచి పొగాకు పంపుకునేవాళ్ళు. ఓడరేవుల దిగ్బంధంతో దక్షిణాదికి కాఫీ కరువు మరి. అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాయండి.

పాలకొల్లు పిల్లోడు: మొదటి బోణీ నాదే.

గుడిసెలోన రాత్రి కొవ్వొత్తి వెలుగులో
ఆలి నడిగి, పాప నడిగి, మడిచి
పోరు కేగి కూలె. పోస్టు చేరిన నాఁడు
చచ్చినట్టి వాఁడు జాబు వ్రాసె

అప్పకవి దాసుడు: గణాలు, యతులు సరిపోయాయి. "వెలుగులో" తర్వాత "ఆలి" అని అచ్చు పెట్టారు, సంధి కలపలేదు, విసంధి. "యాలి" అనండి, యతి చెడదు. ఇంకోటి, సిపాయి డేరాలో ఉంటాడు కదా, గుడిసె ఎక్కడిది?

నిర్వాహకుడు: గుడిసే రైటు మాస్టారూ. ఎండాకాలం డేరా, అది కూడా ఒక్కొక్కడికి సగం గుడ్డే ఇచ్చేవారు, ఇద్దరు కలిసి గుండీలు పెట్టుకుంటే ఒక డేరా. చలికాలం మాత్రం దుంగలు పేర్చి, సందుల్లో మట్టి మెత్తి, పైన ఆ డేరా గుడ్డే కప్పుకునేవాళ్ళు. పొగగొట్టానికి పాత పీపాలు. అవి అంటుకుని తగలబడిన సందర్భాలూ ఉన్నాయి.

నైట్‌షిఫ్ట్: పద్యంలో లేని సంగతి ఒకటి చెప్తా. సిపాయి దగ్గర స్టాంపు లేకపోతే కవరు మీద సిపాయి ఉత్తరమని రాయించి పంపొచ్చు, అందుకున్నవాళ్ళు మూడు సెంట్లు కట్టి తీసుకోవాలి. అంటే ఆ ఇల్లాలు చచ్చిపోయిన మొగుడి జాబుని డబ్బిచ్చి విడిపించుకుని ఉంటుంది. నెలకి 13 డాలర్ల జీతం, అదీ నెలల తరబడి ఆలస్యం. ఆ మూడు సెంట్లు పద్యంలోకి వచ్చుంటేనా!

పాలకొల్లు పిల్లోడు: ఆటవెలదిలో అంత చోటెక్కడిది బాబూ. ఇంతకీ ఆ యుద్ధం వల్ల అమెరికా పత్తి ఆగిపోయి మన దేశంలో పత్తి ధర ఆకాశానికెక్కింది తెలుసా, మన కృష్ణా, గుంటూరు వైపు పత్తికి కాకినాడ రేవు పేరుతో...

నిర్వాహకుడు: పత్తి తర్వాత. పూరణలు రానివ్వండి.

వంటిల్లు: నేను పెద్దగా యుద్ధం చదవలేదు, తిండి గురించి చదివాను. తప్పులుంటే చెప్పండి.

కాఫిలోన ముంచఁ గట్టి రొట్టెల నెల్ల
తేలె నుడికి పైకి తెల్ల పురుగు;
తీసి పాఱవైచి తినిలేచి, పురుగులు
చచ్చినట్టి వాఁడు జాబు వ్రాసె

పాలకొల్లు పిల్లోడు: అమ్మా! చచ్చింది పురుగులా! నవ్వాగట్లేదు.

అప్పకవి దాసుడు: ఇదీ పూరణంటే. సమస్యలో చచ్చినవాడిని బతికించారు. "పురుగులు చచ్చినట్టి వాడు" అన్వయం "కాలు విరిగినవాడు" లాంటిదే, చెల్లుతుంది. రెండో పాదంలో పురుగు ఏకవచనం, మూడులో బహువచనం, అది మాత్రం కాస్త పళ్ళకింద రాయి.

వంటిల్లు: సిపాయిలకిచ్చే ఆ గట్టి రొట్టె తింటే పళ్ళకింద రాయేనండీ. పిండి, నీళ్ళు, కాస్త ఉప్పు, అంతే. తుపాకీ మడమతో పగలగొట్టుకునేవారట.

నైట్‌షిఫ్ట్: నాది. కల్పన కాదు, మేజర్ సలివాన్ బల్లూ 1861 జూలై 14న భార్య సారాకి రాసిన ఉత్తరం. పోస్టు చేయలేదు. 21న బుల్ రన్ యుద్ధంలో దెబ్బ తగిలి, కొద్దిరోజులకి పోయాడు. ఉత్తరం ఆయన పెట్టెలో దొరికింది.

పెట్టె యడుగు నుండి బిడ్డల తల్లికి
యంపలేని దొకటి యంది వచ్చె
బుల్లురన్ను కంటె ముందు వారమ్మునన్
చచ్చినట్టి వాఁడు జాబు వ్రాసె

అప్పకవి దాసుడు: బు–ము యతి చూసి ఎగిరిపడేవాళ్ళు ఉంటారు, అది బు కి ము చెల్లే ముకారయతి, తప్పు కాదు. కానీ అన్వయం చూసుకోండి. యుద్ధానికి ముందువారమే చచ్చాడని అర్థం వస్తోంది. మీరు చెప్పదలిచింది ముందువారం రాశాడని. మూడో పాదం ఇలా మారిస్తే:

బుల్లురన్ను పోరు ముందు తెలిసినట్లు

నైట్‌షిఫ్ట్: ఛ, ఇది నాకెందుకు తట్టలేదు! తీసుకున్నా.

బడిపంతులు: ఆలస్యమైంది, పరీక్ష పేపర్లు దిద్దుతున్నా.

పేరు లేని శవము పిడికిట ముగ్గురు
బిడ్డలున్న పటము, పేపరందు
నాలి చూచి పోల్చె. నా బొమ్మ రూపాన
చచ్చినట్టి వాఁడు జాబు వ్రాసె

గెటిస్‌బర్గ్ యుద్ధం, 1863. సిపాయి మెడలో పేరు రాసిన బిళ్ళలు లేని కాలం, చనిపోయినవాడెవడో తెలీదు. చేతిలో గాజు పలక మీద పిల్లల ఫొటో.

పాలకొల్లు పిల్లోడు: "నా బొమ్మ" అంటే మీ బొమ్మా మాస్టారూ?

బడిపంతులు: పోల్చెన్ + ఆ బొమ్మ. నువ్వు సంధులు చదవలేదని తెలుస్తూనే ఉంది.

నిర్వాహకుడు: సంధి సరే, "చూచి" ఒప్పుకోను. అప్పటి దినపత్రిక ఫొటో అచ్చు వేయలేదు. ఆ అక్టోబరులో ఫిలడెల్ఫియా పత్రిక బొమ్మని మాటల్లో వర్ణించింది, ఎవరి వయసెంత ఉండొచ్చు, ఏ బట్టలేసుకున్నారు అని. న్యూయార్క్ రాష్ట్రంలో ఫిలిండా హ్యూమిస్టన్ ఆ వర్ణన చదివి, అలాంటి ఫొటో తనే మొగుడికి పంపానని అనుమానపడింది. నకలు తెప్పించుకుని చూసుకున్నాకే ఖాయమైంది. సార్జెంట్ ఏమస్ హ్యూమిస్టన్. "నాలి చదివి పోల్చె" అనండి, గణం చెడదు, నిజమూ చెడదు.

బడిపంతులు: చదివి. మార్చాను. నిజానికి ఇదే బాగుంది, మాటల్లో బిడ్డల్ని గుర్తుపట్టడం.

వంటిల్లు: ఇంకొకటి వచ్చింది, రాసేస్తున్నా. గాయపడినవాళ్ళకి ఆస్పత్రిలో నర్సులు జాబులు రాసిపెట్టేవారు కదా.

మాటలాగిపోయె మంచాన; నర్సమ్మ
కలము నాపలేదు కడవఱకును;
తల్లి చదువునపుడు తన బిడ్డ గొంతుతో
చచ్చినట్టి వాఁడు జాబు వ్రాసె

అప్పకవి దాసుడు: గొంతుతో జాబు రాయడమేమిటి?

వంటిల్లు: అమ్మకి అలాగే వినబడుతుంది మాస్టారూ. మా అబ్బాయి మెసేజ్ పెడితే నాకు వాడి గొంతే.

అప్పకవి దాసుడు: సరే తల్లీ.

గోదారి గట్టు: అన్నీ చదివాను. ఒక్క మాట అనుకోకండి, అందరూ తెల్ల సిపాయినే రాశారు. ఉత్తరాది సైన్యంలో దాదాపు 1,80,000 మంది నల్లవాళ్ళు పోరాడారు. వాళ్ళకి జీతం పది డాలర్లు, అందులో బట్టలకి మూడు కోత, 1864 దాకా. నల్ల సిపాయిల మసాచుసెట్స్ 54వ దళం ఆ జీతమే మాకొద్దని తిరగ్గొట్టింది, ఇంటి దగ్గర పెళ్ళాంపిల్లలు పస్తులున్నా. దక్షిణాదిలో చాలాచోట్ల బానిసకి చదువు చెప్పడం చట్టప్రకారం నేరం, చాలామంది శిబిరంలోనే ఓనమాలు దిద్దారు.

అక్షరమ్ము నేర్వ నపరాధ మన్నచో
కడకు దండు బడిని కలము పట్టి
బంటు గాక మున్ను బానిసై బ్రతుకుచు
చచ్చినట్టి వాఁడు జాబు వ్రాసె

నైట్‌షిఫ్ట్: బ్రతుకుచు చచ్చినట్టి! ఇక్కడ సమస్యకి చావే అక్కర్లేకపోయింది.

అప్పకవి దాసుడు: యతులన్నీ కుదిరాయి. ఒక్కటే. బంటు అంటే సేవకుడు అని కూడా అర్థం ఉంది. బానిసత్వం వదిలించుకున్నవాడిని మళ్ళీ బంటు అనడం ఎందుకు? "భటుఁడు గాక మున్ను" అంటే గణమూ నిలుస్తుంది, యతీ నిలుస్తుంది.

గోదారి గట్టు: భటుఁడు. ఇప్పుడే మార్చాను మాస్టారూ.