పొటెన్షియల్ జీరో అయ్యే పాయింట్ ఒకటా, రెండా? ఆన్సర్ కీలో రెండిచ్చాడు

ఎంపీసీ_బ్యాక్‌బెంచ్:
అన్నలూ అక్కలూ కొంచెం చెప్పండి, ఇంటర్ సెకండియర్ నేను. ప్లస్ 4 నానో కూలూంబ్, మైనస్ 1 నానో కూలూంబ్, మధ్య దూరం 30 సెంటీమీటర్లు, రెండిటినీ కలిపే లైన్ మీద పొటెన్షియల్ ఎక్కడ జీరో అని అడిగాడు. నేను ప్లస్ 4 నుంచి దూరం ఎక్స్ సెంటీమీటర్లు అనుకుని 4 బై ఎక్స్ స్క్వేర్, 1 బై 30 మైనస్ ఎక్స్ హోల్ స్క్వేర్, రెండూ ఈక్వల్ చేస్తే ఎక్స్ 20 వచ్చింది. కీలో 24, 40 అని ఉంది. మూడుసార్లు చేశా, మళ్ళీ 20యే. ఎల్లుండి వీక్లీ టెస్ట్ 😭

పాత_బీఎస్సీ:
నువ్వు చేసింది ఫీల్డ్ లెక్క తమ్ముడూ, అంటే అక్కడ పెట్టిన చార్జ్ మీద ఎంత బలం పడుతుందనేది. పొటెన్షియల్‌కి కింద స్క్వేర్ ఉండదు, కే క్యూ బై ఆర్ (క్యూ చార్జ్, ఆర్ దాని నుంచి మీటర్లలో దూరం, కే 9 ఇంటూ 10 పవర్ 9), అంతే. డైరెక్షన్ గొడవ కూడా లేదు, చార్జ్ గుర్తుతో సహా వేసి మామూలుగా కూడెయ్యడమే. 24 దగ్గర చూడు, పెద్దదానికి కే క్యూ 36, చిన్నదానికి 9; పెద్దదాని వల్ల 36 బై 0.24 అంటే 150 వోల్టులు, చిన్నదానికి దూరం 6 సెంటీమీటర్లే కాబట్టి 9 బై 0.06, మైనస్ 150. జీరో. చిన్నదాన్ని దాటి ఇంకో 10 సెంటీమీటర్లు పోతే 40 దగ్గర ప్లస్ 90, మైనస్ 90, అదీ జీరోనే. పెద్దదానికి ఇవతలి వైపు ఎందుకు రాదంటే అక్కడ పెద్దదే దగ్గర, చిన్నది దాన్ని ఎప్పటికీ అందుకోలేదు.
నీ 20 దగ్గర వేసి చూస్తే 180 మైనస్ 90, ఇంకా 90 వోల్టులు మిగిలే ఉన్నాయి.

ఎంపీసీ_బ్యాక్‌బెంచ్:
ఓహ్ 🤦 మరి 24 దగ్గర పొటెన్షియల్ జీరో అంటే అక్కడ ఫీల్డ్ కూడా జీరోనేగా?

గట్టు_మీద:
కాదు బాబూ, అందరూ పడేది అక్కడే. పొలంలో నీళ్ళు పారేది వాలుని బట్టి కదా, మడి ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి కాదు. పొటెన్షియల్ ఎత్తు లాంటిది, ఫీల్డ్ వాలు. 24 దగ్గర రెండు చార్జీల ఫీల్డూ ఒకే వైపుకి, చిన్నదాని వైపుకి, 625 ఒకటి 2500 ఒకటి, మొత్తం మీటరుకి 3125 వోల్టులు. జీరో ఎక్కడిది!
మేం తెలుగు మీడియంలో పొటెన్షియల్ అదిశ రాశి (డైరెక్షన్ లేనిది), ఫీల్డ్ సదిశ రాశి (డైరెక్షన్ ఉన్నది) అని బట్టీ కొట్టాం గానీ ఇలాంటి లెక్క చేశాకే ఆ ముక్క బుర్రకెక్కింది.

పాత_బీఎస్సీ:
ఇంకోటి, లైన్ మీద అన్నాడు కాబట్టి రెండే పాయింట్లు. బయటికొస్తే పెద్దదానికి దూరం చిన్నదాని దూరానికి 4 రెట్లున్న ప్రతి చోటా జీరోనే, అవన్నీ కలిపితే ఒక గోళం, సెంటర్ 32 దగ్గర, రేడియస్ 8. నీ 24, 40 దాని రెండు కొసలు. సెంటర్ చిన్న చార్జ్ మీద ఉండదు, 2 సెంటీమీటర్లు అవతల ఉంటుంది, పేపర్ మీద గీసుకుని చూడు, భలే ఉంటుంది.

ఎంపీసీ_బ్యాక్‌బెంచ్:
గీశా అన్నా. ఫీల్డ్ జీరో అయ్యేది కూడా కట్టా, మధ్యలో రాదు కదా అని బయట వేస్తే 60 వచ్చింది. అక్కడ పొటెన్షియల్ 60 మైనస్ 30, 30 వోల్టులు. కరెక్టేనా?

గట్టు_మీద:
కరెక్టే. ఇంక పడుకో, ఒంటిగంటయింది.