డాన్యూబ్ నది ఓడలో టిప్పు: మన ఇష్టమా, మన బాకీయా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

వచ్చే సెప్టెంబరులో నేను, నా భార్య, మా అత్తగారు జర్మనీలోని పస్సావ్ నుంచి హంగరీలోని బుడాపెస్ట్ వరకు డాన్యూబ్ నది మీద ఏడు రాత్రుల ఓడ ప్రయాణం చేయబోతున్నాం. డబ్బు కట్టేశాక వచ్చిన కాగితాల్లో చివరి పేజీలో ఒక సూచన ఉంది. ఓడ సిబ్బందికి మనిషికి రోజుకు 15 యూరోలు, ప్రయాణమంతా వెంట ఉండే నిర్వాహకుడికి మరో 3 యూరోలు టిప్పుగా ఇస్తే బాగుంటుందని, ఇది పూర్తిగా మన ఇష్టమేనని రాశారు. ముగ్గురికి ఏడు రోజులకు 378 యూరోలు. యూరోకు వంద రూపాయలు అనుకుంటే దాదాపు 38 వేలు.

స్టుట్‌గార్ట్‌లో ఉంటున్న మా అబ్బాయి "ఇక్కడ ఎవరూ అంత ఇవ్వరు నాన్నా" అంటున్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా మేనకోడలు మాత్రం అది ఇవ్వకపోవడం పనిచేసినవాళ్ల కూలి ఎగ్గొట్టడమేనని గట్టిగా చెబుతోంది. ఇష్టమని రాసిన చోట అంకె ఎందుకు ఉండాలో, అంకె ఉన్నప్పుడు దానిని టికెట్ ధరలోనే ఎందుకు కలపలేదో నాకు అర్థం కావడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మ్యూనిక్ సభ్యుడు

మాస్టారూ, మీ అబ్బాయి మాట నిజం. జర్మన్ భాషలో టిప్పును 'ట్రింక్‌గెల్డ్' అంటారు, అంటే తాగడానికిచ్చే డబ్బు అని అర్థం. ఫ్రెంచి మాటకూ, హంగేరియన్ మాటకూ దాదాపు ఇదే అర్థం. ఇక్కడి హోటల్లో 27 యూరోల బిల్లుకు 30 ఇచ్చి చిల్లర ఉంచుకోమంటే అది మర్యాదైన టిప్పే. ఈ దేశంలో 2015 జనవరి నుంచి చట్టబద్ధమైన కనీస వేతనం ఉంది. అప్పుడు గంటకు 8.50 యూరోలుగా మొదలై 2026 జనవరికి 13.90కి చేరింది. అమెరికాలో టిప్పు తీసుకునే ఉద్యోగికి యజమాని నేరుగా ఇవ్వవలసిన సమాఖ్య కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు, అది 1991 నుంచి మారలేదు. ఆ దేశపు అలవాటుకు ఆ దేశంలో కారణం ఉంది. అదే అలవాటును ఓడ కంపెనీలు డాన్యూబ్ మీదికి తెచ్చి, తాము ఇవ్వవలసిన జీతంలో కొంత భాగాన్ని ప్రయాణికుల మీదికి నెడుతున్నాయని నా అభిప్రాయం. జర్మనీలో 2002 నుంచి ఉద్యోగికి అందే టిప్పు మీద ఆదాయపు పన్ను లేదు, కానీ ఇచ్చేవారు తమంతట తాము ఇచ్చినదైతేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది. టిప్పు అంటే ఇక్కడి చట్టం దృష్టిలో కూడా అదే.

నిరుడు ఇదే ప్రయాణం చేసిన సభ్యురాలు, హైదరాబాద్

మ్యూనిక్ సభ్యుని మాటలు ఒడ్డు మీద సరిపోతాయి, ఓడలో సరిపోవు. ఓడ జర్మనీ నీళ్ల మీద తిరిగినంత మాత్రాన అందులోని వంటవాడికి జర్మనీ కనీస వేతనం అందుతుందని అనుకోకూడదు. ఈ ఓడల్లో చాలా వాటి మీద ఎగిరేది స్విట్జర్లాండ్ జెండానో మాల్టా జెండానో. సిబ్బంది ఒప్పందం రాసుకునే దేశం ఒకటి, పనిచేసే దేశాలు నాలుగు.

మా ఓడలో దాదాపు 150 మంది ప్రయాణికులకు నలభై మందికి పైగా సిబ్బంది ఉండేవారు. మా గది సర్దిన అమ్మాయిది రొమేనియా, భోజనశాలలో మా బల్ల చూసినతనిది ఫిలిప్పీన్స్. ఉదయం ఆరున్నరకు కాఫీ అందించిన మనిషే రాత్రి పదిన్నరకు గ్లాసులు తుడుస్తూ కనిపించేవాడు. మధ్యాహ్నం కొంత విరామం ఉంటుందని అతనే చెప్పాడు. నది ఓడల సిబ్బంది పనిగంటలకు ఐరోపా సమాఖ్య 2014లో ఒక ఆదేశం తెచ్చింది. అందులో సగటున వారానికి 48 గంటలే అని ఉన్నా, ఏ ఒక్క వారంలోనైనా 84 గంటల వరకు చేయించుకునే వీలు ఉంది. పర్యాటకుల కాలంలో ఆ వీలును పూర్తిగా వాడుకుంటే మనిషి ఎలా అలిసిపోతాడో చూసి వచ్చాను.

ఇంకొక సంగతి. అక్కడ టిప్పు ఎవరి చేతిలోనూ పెట్టరు. చివరి రాత్రి గదిలో ఒక కవరు ఉంచుతారు, దానిని రిసెప్షన్ దగ్గరి పెట్టెలో వేయాలి. అలా పోగైనది మనకు కనబడని వంటగదివారికి, బట్టలు ఉతికేవారికి, తాళ్లు కట్టేవారికి కూడా పంచుతారు. మీకు నవ్వుతూ వడ్డించిన మనిషికి మాత్రమే విడిగా ఇరవై యూరోలిచ్చి మిగతాది మానేస్తే, కింది అంతస్తులో గిన్నెలు కడిగినవాడికి ఏమీ మిగలదు. కంపెనీ చేస్తున్నది తప్పే కావచ్చు. ఆ తప్పుకు శిక్ష గిన్నెలు కడిగేవాడికి వేయడం నాకు న్యాయంగా తోచదు.

చార్టర్డ్ అకౌంటెంట్, విజయవాడ

పై సభ్యురాలి మనసు నాకు అర్థమైంది, కాని ఆ పెట్టెలోని డబ్బును ఎవరు లెక్కపెట్టారో, ఎంత మందికి ఏ నిష్పత్తిలో పంచారో ఒక్క ప్రయాణికుడికైనా తెలుసా? మన దేశంలో రెస్టారెంట్ల సర్వీస్ ఛార్జి గొడవ కూడా ఇలాంటిదే. బిల్లులో దానిని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తప్పనిసరి సొమ్ము అయితే ధరలో చూపాలి, ఇష్టమైతే ఇష్టంగానే వదలాలి. ఫ్రాన్సులో మెనూలో రాసిన ధరలోనే సర్వీసు కలిసి ఉంటుంది, అక్కడ ఎవరికీ ఈ సందేహం రాదు. నది ఓడల్లో కూడా ఇది అసాధ్యం కాదు. టౌక్, సీనిక్ వంటి కంపెనీలు టిప్పులను టికెట్ ధరలోనే కలిపి అమ్ముతున్నాయి. కాబట్టి మాస్టారు రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు తక్కువ ధర చెప్పిన కంపెనీ టికెట్‌కు ఈ 378 యూరోలు కలిపి చూసి ఉండవలసింది. ఇకముందు వెళ్లేవారైనా అలా చూడాలి.

ఒక ప్రశ్న కూడా ఉంది. 2018లోను, 2022లోను వేసవి కరువుకు రైన్, డాన్యూబ్ నదుల్లో నీరు బాగా తగ్గి, అనేక ఓడలు మధ్యలో ఆగిపోయి, ప్రయాణికులను బస్సుల్లో తిప్పారు. అప్పుడు కూడా రోజుకు 15 ఇవ్వాలా?

హైదరాబాద్ సభ్యురాలు

ఇవ్వాలనే అంటాను. నీరు తగ్గిన రోజున గది సర్దే అమ్మాయికి పని తగ్గదు. సామాన్లు ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు మోయవలసి వస్తే పెరుగుతుంది. మీకు రావలసిన పరిహారం కంపెనీని రాతపూర్వకంగా అడగండి, అందులో మీతో నేనూ గొంతు కలుపుతాను. ఆ రెండు లెక్కలను మాత్రం కలపకండి. పంపకం పారదర్శకంగా లేదన్న మాట కాదనను. నేను నిర్వాహకురాలిని నేరుగా అడిగాను, కెప్టెన్‌కు, తనకు ఆ పెట్టెలో వాటా లేదని ఆమె చెప్పింది. ప్రతి ప్రయాణికుడూ అడిగితే ఎక్కడో ఒకచోట రాసి పెట్టవలసి వస్తుంది.

మాస్టారికి ఒక అక్కరకొచ్చే మాట. ఓడలో సిబ్బందికిచ్చేది చివర కార్డుతో కూడా కట్టవచ్చేమో ముందే కనుక్కోండి, మా ఓడలో కుదిరింది. ఊళ్లు చూపించే స్థానిక గైడ్లకు మాత్రం చిల్లర కావాలి. మనిషికి రెండు యూరోలు, బస్సు డ్రైవరుకు ఒకటి అక్కడ చెల్లుతుంది. ఇక్కడ విదేశీ మారకం దుకాణాల్లో నోట్లే ఇస్తారు, అవీ చాలావరకు యాభైలు. పస్సావ్‌లో దిగిన రోజే ఏదో ఒక దుకాణంలో కాఫీ తాగి విడిపించుకోండి. ఆస్ట్రియా, స్లొవేకియాల్లో యూరోలే. బుడాపెస్ట్‌లో ఫోరింట్లు. అక్కడి రెస్టారెంట్లలో బిల్లులోనే సర్వీసు సొమ్ము కలిపి ఉండడం మామూలు, చూసుకోకుండా మళ్లీ ఇవ్వకండి.

మ్యూనిక్ సభ్యుడు

గిన్నెలు కడిగేవారి మాట నన్ను ఆలోచింపజేసింది. అయినా ప్రయాణికులందరూ చెప్పినంతా ఇస్తూ పోతే కంపెనీ జీతాలు పెంచవలసిన అవసరం ఎప్పటికీ రాదన్న నా మాటకు ఇంతవరకు జవాబు రాలేదు. మాస్టారు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కాని తిరిగి వచ్చాక కంపెనీకి పంపే అభిప్రాయ పత్రంలో ఈ సొమ్మును ధరలో కలపమని తప్పక రాయండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

అందరికీ కృతజ్ఞతలు. లెక్క వేసుకున్నాను. ఓడలో ఇచ్చేది 378 యూరోలు. ఆరు పర్యటనల గైడ్లకు మా ఇద్దరి తరఫున 24, మూడు బస్సు ప్రయాణాలకు 6. మా అత్తగారు మోకాళ్ల నొప్పి వల్ల ఒడ్డుకు దిగరు, ఓడ మీద కూర్చుని నదిని చూస్తానంటున్నారు, అందుకని గైడ్ల లెక్కలో ఆమెను కలపలేదు. మొత్తం 408. అభిప్రాయ పత్రంలో రాయవలసిన మాటలు ఇప్పుడే తెలుగులో రాసి పెట్టుకున్నాను, మా అబ్బాయి వాటిని జర్మన్‌లోకి మారుస్తానన్నాడు.

భోజనం దగ్గర ఈ మాటలన్నీ విన్న మా అత్తగారు తన వంతు తన పింఛను నుంచే ఇస్తానని, రోజంతా ఓడలోనే ఉండేది తానే కనుక గది సర్దే అమ్మాయికి పని ఎక్కువ పెట్టేది కూడా తానేనని అన్నారు.