ర్యాప్‌లో 'బైట్' అనే మాట, కూల్ మో డీ

మొన్న గ్రూపులో ఒకరు అడిగారు, ర్యాప్‌లో "బైట్ చేశాడు" అంటే ఏమిటి, దాన్ని తెలుగులో ఏమనాలి అని. చాలామంది "కాపీ కొట్టడం" అని రాసి ఊరుకున్నారు. అర్థం అదే, కాదనను. కానీ ర్యాపర్ల మధ్య అది ఎంత పెద్ద నిందో తెలియాలంటే కూల్ మో డీ సంగతి తెలియాలి. నాకు చాలా ఇష్టమైన ర్యాపర్, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

అసలు పేరు మోహన్‌దాస్ డ్యూవీస్. అవును, మోహన్‌దాసే. 1962లో పుట్టాడు, న్యూయార్క్ హార్లెమ్ మనిషి. 70ల చివర్లో ట్రెచరస్ త్రీ అనే జట్టుతో మొదలుపెట్టాడు. మాటలు గబగబా దొర్లిస్తూ, ఒక్క పాదంలోనే రెండు మూడు ప్రాసలు ఇరికించడం వీళ్ల పద్ధతి. 1980లో స్పూనీ జీ అనే ర్యాపర్‌తో కలిసి చేసిన రికార్డుకు 'కొత్త ర్యాప్ భాష' అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు.

అప్పట్లో మైకు పట్టినవాడి పని ముఖ్యంగా జనాన్ని ఊపడం. అందులో బిజీ బీ స్టార్స్కీ మేటి. చేతులెత్తమంటాడు, మీ రాశి ఏమిటని అడుగుతాడు, అర్థం లేని శబ్దాలతో పల్లవి అందుకుంటాడు, జనం ఊగిపోతారు. 1981 డిసెంబరులో హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో క్రిస్మస్ వేడుక జరిగింది. తనను కొట్టేవాడు లేడని బిజీ బీ గొప్పలు పోయాడు. తర్వాత మో డీ మైకు అందుకున్నాడు.

మొదట ఆ అర్థంలేని పల్లవినే పట్టుకుని, అది కాసేపు పక్కన పెట్టమన్నాడు. ఏ పార్టీకి వెళ్లినా అదే పాట, అదే రాశుల గోలేనా అని నిలదీశాడు. ఆ తర్వాత అసలు దెబ్బ. స్టార్స్కీ అన్న పేరు అప్పటికే లవ్‌బగ్ స్టార్స్కీ అనే ఇంకొకాయనది, పేరునే బైట్ చేశావు, నువ్వే డబ్బైతే దొంగనోటువి అయ్యేవాడివి అన్నాడు. టేపులో ఆ గోల, ఆ కేకలు ఇప్పటికీ వినొచ్చు. క్యాసెట్ మీద క్యాసెట్ కాపీ అయి ఆ రాత్రి ఊరంతా తిరిగింది. జనాన్ని ఊపితే చాలన్న రోజులు పోయి, ఏం రాశావు, ఎంత పదునుగా రాశావు అని చూసే రోజులు వచ్చింది అక్కడినుంచేనని చాలామంది అంటారు. నేనూ అదే నమ్ముతాను.

ఇక తెలుగు మాట సంగతి. "కాపీ కొట్టడం"లో తప్పు తెలుస్తుంది, రోత తెలియదు. నన్నడిగితే "ఎంగిలి" దగ్గరగా ఉంటుంది. కొరికిన గుర్తూ ఉంటుంది, ఛీ అన్న భావమూ ఉంటుంది. "వాడివన్నీ ఎంగిలి పాదాలు" అంటే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మో డీ రెండో పెద్ద తగవు కూడా ఈ 'బైట్' నింద మీదే. 1986లో సొంతంగా మొదటి ఆల్బమ్ తెచ్చాడు. 1987లో వచ్చిన రెండోదాని అట్ట చూడండి: జీపు చక్రం కింద ఎర్ర కాంగోల్ టోపీ నలుగుతుంటుంది. ఆ టోపీ ఎల్ఎల్ కూల్ జే అనే కుర్ర ర్యాపర్ గుర్తు. ఆ కుర్రాడు నా ఫక్కీ ఎత్తుకుపోయి, మా తరానికి దక్కాల్సిన మర్యాద ఇవ్వకుండా తిరుగుతున్నాడని మో డీ కోపం. ఎల్ఎల్ ఊరుకుంటాడా! 1988లో గట్టిగా తిప్పికొట్టాడు, ఈయన మళ్లీ అందుకున్నాడు, 1991 దాకా పాటలతోనే కొట్టుకున్నారు. ఆ 1987 ఆల్బమ్‌తోనే మో డీ ఒక మార్కుల పట్టీ కూడా అచ్చేశాడు. తోటి ర్యాపర్లకు పదసంపద, ఉచ్చారణ, సృజన, వేదిక మీద తీరు అంటూ విడివిడిగా మార్కులు. ఎల్ఎల్‌కు వేసినవాటికంటే తనకు ఎక్కువే వేసుకున్నాడు.

ఇక్కడ మాత్రం నేను మో డీ వైపు నిలబడలేను. 1981లో నింద ఒక పేరు మీద, ఎవరైనా విని తేల్చుకోవచ్చు. 1987లో నింద ఫక్కీ మీద. ఫక్కీ ఎవరి సొత్తని చెప్పగలం? తనకంటే ముందువాళ్లను విని నేర్చుకోకుండా ఎవడు పాడాడు? పైగా ఎల్ఎల్ జవాబులు మామూలు పదునుతో లేవు.

గ్రూపులో ఆ ప్రశ్న కింద ఒకరు అవధాన కవుల జంటలైన తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు కవులకూ నడిచిన తగవు గుర్తుచేశారు. సరైన పోలికే. రెండు వైపులా ప్రతిభ ఉంది, రెండు వైపులా అభిమానులు చీలిపోయారు.

ఇంకొకరు "ఫ్రీస్టైల్ అంటే ఆశువేగా" అన్నారు. ఇప్పటి వాడుకలో అవును. 80ల న్యూయార్క్‌లో మాత్రం ఒకే విషయానికి కట్టుబడకుండా ముందే రాసి పెట్టుకున్న చరణాలనూ ఫ్రీస్టైల్ అనేవారు, అప్పటికప్పుడు అల్లేదానికి వేరే మాట ఉండేది. 2003లో మో డీ గొప్ప ర్యాపర్ల మీద ఒక పుస్తకం రాశాడు, అందులో ఈ తేడా కనిపిస్తుంది. కాబట్టి పాత టేపుల్లో ఫ్రీస్టైల్ అని వినపడగానే ఆశువు అని అనువదించేయకండి. ఆ హార్లెమ్ వరల్డ్ టేపు నెట్‌లో దొరుకుతుంది, శబ్దం బాగోదు, బూతులున్నాయి, అయినా ఒకసారి పూర్తిగా వినండి.