పేరు మార్పు అఫిడవిట్‌లో ఏ పేరుతో సంతకం పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది కావలి. పెంచలకోన మొక్కు అని మా నాయనమ్మ పెట్టిన పేరు పెంచలమ్మ. ఆధార్‌లో అదే ఉంది, పదో తరగతి మెమోలో మాత్రం లక్ష్మి అని పడింది. గెజిట్‌లో పెంచలమ్మ అనే వేయించుకోవాలని ఉంది. (నవ్వకండి, నాకు ఆ పేరే ఇష్టం.)

స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ టైప్ చేయించాను. నోటరీ ముందు పెన్ను పట్టుకుని ఆగిపోయాను. లక్ష్మి అని పెట్టాలా, పెంచలమ్మ అనా, లేక రెండూనా? టైపిస్టు రెండూ పెట్టమన్నాడు.

ఇద్దరు సాక్షుల్లో ఒకరు మా అన్నయ్య. ఇంకొకరు పక్కింటి అక్క, ఆమె ఆరోజు రాలేకపోయింది. "ఇంటికెళ్లి ఆమె సంతకం పెట్టించుకోమ్మా" అని నోటరీ దగ్గరివాళ్లు అన్నారు. నేను సంతకం చేయడం చూడని మనిషి సాక్షి ఎలా అవుతుంది? సొంత అన్నయ్య పనికొస్తాడా?

పైగా రెండో పేజీలో నా పేరు మీదే వైట్‌నర్ పూశారు. పక్కన పొట్టి సంతకం చాలా, మళ్లీ టైప్ చేయించాలా? ఈమధ్య చేయించుకున్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.